మా ఊరి నీళ్ల ట్యాంకుకు దగ్గరివాళ్లు

మా ఊరి నీళ్ల ట్యాంకును కొన్నేళ్లుగా నెత్తిన మోస్తున్నాను. నిండు ట్యాంకు. నిన్న దించేశాను.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పడం అయిపోయింది లెండి, వాళ్లలో కొందరు నాతో మాట్లాడటం మానేశారు కూడా. అయినా ఇవాళ పొద్దున్నుంచి నాకు ఈల వేయాలనిపిస్తోంది. తప్పు చేసినవాడు ఇంత సంతోషంగా ఉండొచ్చా? ఉండకూడదేమో. కానీ ఉన్నాను. చాలాకాలం అబద్ధంతో బతికాను, కనీసం ఈ సంతోషం గురించైనా నిజం చెప్పనివ్వండి.

శంషాబాద్‌లో, కింద టిఫిన్ సెంటరు, పైన మా ఆఫీసు. మొబైల్ ఆప్‌లు తయారుచేసే చిన్న కంపెనీ మాది. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా చుట్టుపక్కలవాళ్లే. డ్రైవర్లు, పూల రైతులు, ట్రాక్టర్లు కిరాయికిచ్చేవాళ్లు, పాల కేంద్రంవాళ్లు. అందరికీ ఒకటే తలనొప్పి: వంతు. ఎవరు ముందు, ఎవరు వెనక? మనుషులు తేలిస్తే కొట్లాట అవుతుంది, అందుకని ఫోను తేల్చాలి. ఫోను ఎవరి పక్షమూ వహించదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం మీదే మా ఆఫీసు నడుస్తుంది, నా ఇల్లు నడుస్తుంది.

మొదట చేసింది డ్రైవర్ల ఆప్. ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లను ఎక్కించుకునే డ్రైవర్లు కొందరు సంఘం పెట్టుకున్నారు. రోడ్డు పక్కన ఖాళీ జాగాలో కార్లు ఆపుకుని కూర్చుంటారు. కబురు రాగానే ఫోనులో బటన్ నొక్కాలి. ముందు నొక్కినవాడిదే వంతు. మరి ఇద్దరు ఒకే సెకనులో నొక్కితే? అది తేల్చే నియమం నేను రాయాలి. సంఘంవాళ్లను అడిగితే, ఏదో ఒకటి పెట్టు తమ్మీ, పంచాయితీ లేకుంటే చాలు అన్నారు.

నేను పెట్టిన నియమం ఇది. పేరు నమోదు చేసుకున్నప్పుడు ఎవరి ఇంటి చోటు వాళ్లు ఇస్తారు కదా, ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఎవరి ఇల్లు ఒక గుర్తుకు దగ్గరగా ఉంటే వాళ్లది ముందు వంతు. ఆ గుర్తు న్యాయంగా కార్లు ఆగే జాగాయే అవ్వాలి. నేను మా ఊరి నీళ్ల ట్యాంకును పెట్టాను.

ఎందుకు? నన్ను నేనే చాలాసార్లు అడిగి చూసుకున్నాను. అప్పట్లో నాకు నేను చెప్పుకున్న జవాబు గొప్పగా ఉండేది. మా ఊరి మీదుగా విమానాలు పోతాయి, మా చేలల్లో కొన్ని రోడ్ల కిందికి పోయాయి, మా ఊళ్లో విమానం ఎక్కినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క, ఇంత పోగొట్టుకున్నవాళ్లం ఒక్క వరుసలోనైనా ముందు నిలబడకూడదా అని. ఎంత న్యాయంగా వినిపిస్తోందో చూశారా? ఇప్పటికీ వినిపిస్తుంది. అసలు సంగతి అంత లేదు. మా అక్క భర్త ఆ సంఘంలోనే కారు నడుపుతాడు. ఒకరోజు వాళ్లింట్లో అన్నం తింటుంటే బావ నవ్వుతూనే, "మనోడు జేసిన దాంట్ల గూడ మనం ఎనకనేనా బామ్మర్దీ?" అన్నాడు. అక్క నా ముఖంలోకి చూసింది. నాకు నామోషీ అయింది. అంతే. ట్యాంకు పునాది ఆ మాట మీద పడింది.

అక్కడితో ఆగి ఉంటే ఇది బావా బామ్మర్దుల ముచ్చటగా పోయేది. కానీ తర్వాత నేను నా జీవితంలోకెల్లా మంచి పని చేశాను. నవ్వకండి. నా తప్పు ఊరు దాటి పోయింది ఆ మంచి పని వల్లే.

అప్పట్లో మా ఆఫీసులో ఒక్కో ఆప్ ఒక్కో చోట ఉండేది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒకరు రాస్తే, ఐఫోన్లకు ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి రాసేవాళ్లు. పూల రైతుల ఆప్‌లో సరిచేసిన తప్పు పాల కేంద్రం ఆప్‌లో దర్జాగా బతికి ఉండేది. ఏ మార్పు ఎక్కడ చేశామో మాకే గుర్తుండేది కాదు. కంపెనీ నడిపే మా మేడమ్‌తో చెప్పాను. అన్ని ఆప్‌లనూ ఒకే ఉమ్మడి వర్క్‌స్పేస్‌లోకి తెచ్చేద్దాం, అందరికీ పనికొచ్చే కోడ్ ఒకే చోట ఉండాలి, ఒక్కసారి రాస్తే రెండు రకాల ఫోన్లలోనూ నడవాలి, కొత్త ఆప్ కావాలంటే ఒక్క కమాండ్ కొట్టగానే దాని గోడలూ కప్పూ లేచి నిలబడాలి అని. ఉమ్మడి కాపురంలో వంటిల్లు ఒకటే ఉన్నట్టు అన్నాను. మేడమ్‌ది కోస్తా వైపు, మాట ఆచితూచి మాట్లాడుతుంది. "మీరు చేయగలరంటే చేయండి" అంది.

చేశాను. జల్‌పల్లి నుంచి వచ్చే ఫర్హీన్ అప్పుడే చేరింది, తనూ నేనూ కలిసి చేశాం. ఎన్ని రోజులు తల బద్దలు కొట్టుకున్నామో! ఆండ్రాయిడ్‌లో నడిచేది ఐఫోన్‌లో తెల్లముఖం వేసేది. ఐఫోన్ బాగుపడితే ఆండ్రాయిడ్ అలిగేది. ఒక ఆప్‌కు లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ మూట, కొత్తది కావాలి, ఇంకో ఆప్‌కు పాతదే కావాలి, రెండూ ఒకే కప్పు కింద ఉండమంటే ఉండవు. చివరికి ఒక మధ్యాహ్నం రెండు ఫోన్లూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి నొక్కాం. రెండింట్లోనూ ఒకే తెర, ఒకే రంగు, ఒకే వంతు. ఫర్హీన్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. కింది నుంచి మిర్చి బజ్జీలు వచ్చాయి. మేడమ్ కూడా కారం వద్దంటూనే రెండు తింది. ఆ సంతోషంలో కల్తీ లేదు, ఆ పని ఇవాళ్టికీ నాకు గర్వమే. ఒప్పుకోలులో గర్వమేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి.

కానీ ఉమ్మడి చోటుకు వెళ్లిన కోడ్‌లో వంతు తేల్చే భాగం కూడా ఉంది. ట్యాంకుతో సహా.

ఆ వర్క్‌స్పేస్‌కు ఒక మంచి గుణం ఉంది. ఉమ్మడి భాగంలో ఏది మార్చినా, దాని వల్ల ఏయే ఆప్‌లు మారతాయో పేర్లతో సహా తెర మీద చూపిస్తుంది. ఆ భాగాన్ని అందులో పెట్టిన రోజు కూడా చూపించింది. డ్రైవర్లు. పూల రైతులు. ట్రాక్టర్ కిరాయి. పాల కేంద్రం. నేను ఆ పేర్లు చదివాను. ఒక్కొక్కటే చదివాను. ట్యాంకును తీసి ఏ ఆప్ గుర్తు ఆ ఆప్‌కు పెట్టడం చిటికెలో పని. తీస్తే బావ వంతు వెనక్కి పోతుంది, ఎందుకు పోయిందని అక్క అడుగుతుంది, అప్పుడు ఏం చెప్పను? ఇదే ఆలోచించాను. ఎంటర్ నొక్కాను. తెలియక జరిగిందని చెప్పుకునే దారి ఆ రోజే మూసుకుపోయింది.

తర్వాత మా ఊరికి మహర్దశ పట్టింది. తొలకరి పడగానే ట్రాక్టర్ బుకింగ్ తెరుచుకుంటుంది, అందరూ ఒకేసారి నొక్కుతారు, మా ఊరివాళ్ల చేలల్లోకే ట్రాక్టర్ ముందు దిగుతుంది. పాల కేంద్రంలో మా ఊరి క్యాన్లే ముందు. పూల బండిలో మా ఊరి బంతిపూలే ముందు. ఎవరికీ అనుమానం రాలేదు. మావాళ్లు హుషారైనవాళ్లని చుట్టుపక్కల పేరొచ్చింది. మా ఊరి నీళ్లలోనే ఏదో ఉందని కల్లు దుకాణం దగ్గర అనుకునేవాళ్లట. ఇంత మంచి ఆప్‌లు చేసింది మనోడే అని యూత్ సంఘంవాళ్లు నా ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కొట్టించారు. నల్ల కళ్లద్దాలు, నమస్కారం పెడుతున్న చేతులు. దాన్ని తీసుకుపోయి ఎక్కడ కట్టారో తెలుసా? నీళ్ల ట్యాంకుకే కట్టారు. రోజూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు దాని కింది నుంచే బండి మీద పోయేవాణ్ని. మొదట్లో తలెత్తి చూసుకునేవాణ్ని. సత్తెమ్మ వచ్చి వెళ్లాక చూడటం మానేశాను.

సత్తెమ్మ గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మిగతాదంతా నవ్వుతూ చెప్పగలను. ఇది చెప్పలేను, అయినా చెబుతాను.

ఆమెది కొత్తూరు వైపు ఊరు. చేమంతి, బంతి పెంచుతుంది. భర్త లేడు, అంతా తన చేతుల మీదే. తెల్లవారుజామున పూల బండ్లు రెండు హైవే మీది నుంచి సిటీకి పోతాయి. మొదటి బండిలో పోయిన పూలకు మంచి ధర వస్తుంది. రెండో బండి చేరేసరికి కొనేవాళ్లు సగం మంది వెళ్లిపోయి ఉంటారు. మొదటి బండిలో చోటు కోసం ఒక వేళకు బుకింగ్ తెరుచుకుంటుంది, తెరుచుకున్న సెకనులోనే అందరూ నొక్కుతారు. సత్తెమ్మకు ఎప్పుడూ రెండో బండే. ఆమె ఊరు మా ట్యాంకుకు అందరికన్నా దూరం.

ఒకరోజు మెట్లెక్కి మా ఆఫీసుకు వచ్చింది. కొంగుకు బంతిపూల పుప్పొడి అంటుకుని ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"గీ ఒత్తుడు ఆప్ జేసింది నువ్వేనట గదా బిడ్డా?"

"నేనేనమ్మా. ఏమైంది?"

"గడియారం ముందట పెట్టుకోని కూసుంట. తెరుసుకోంగనే ఒత్తుత. ఒక్కనాడన్న మొదటి బండి రాదు. గా మీ ఊరోళ్లకు మాత్రం దినాం ఒస్తది. గదెట్ల బిడ్డా? నీ ఆప్‌ల ఏమన్న గలత్ ఉన్నదేమో జర సూడు."

అడిగింది. సూటిగా అడిగింది. నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏవో రెండు కిటికీలు తెరిచాను, మూశాను. చూస్తున్నట్టు నటించాను. అక్కడే ఉంది ట్యాంకు. రెండు నొక్కుల దూరం.

"ఆప్‌ల ఏం లేదమ్మా. నీ ఫోన్ పాతదైంది. నువ్వు ఒత్తింది లేటుగ పోతుంది. కొత్త ఫోన్ కొనుక్కో, మంచిగైతది."

"గంతేనంటవా?"

"గంతేనమ్మా."

"సదువుకున్నోనివి. నువ్వు జెప్తే నిజమే ఉంటది" అని, చేతిసంచిలోంచి ఒక చేమంతి దండ తీసి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ దండను నేను ఏం చేశానో తెలుసా? ఇంటికి తీసుకుపోయి దేవుడి పటానికి వేశాను. వేసి కళ్లు మూసుకుని దండం కూడా పెట్టుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఆమె కొత్త ఫోను కొంది. వెండి కడియాలు అమ్మి కొందని పూల రైతుల సంఘం పెద్ద తర్వాత చెప్పాడు. కొత్త ఫోనులోనూ రెండో బండే వచ్చింది. ఆమె మళ్లీ నా దగ్గరికి రాలేదు. వచ్చి తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆ పెద్దమనిషే ఇంకో మాట కూడా చెప్పాడు. ఫోను మంచిదే, నా ఏలే మొద్దుబారింది, పని చేసి చేసి చెయ్యి బరువెక్కింది అని ఆమె అందరితో అంటోందట. పొలంలో ఒంటరిగా కూర్చుని బొటనవేలితో మోకాలి మీద నొక్కి నొక్కి అలవాటు చేసుకుంటోందట. అతను నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

ఒక మనిషి తన చేతిని తానే అనుమానించుకునేలా చేశాను. ఇది దొంగతనం కన్నా చిన్నదా, పెద్దదా? బండిలో చోటు కాజేశాను, అది ఒక లెక్క. ఆ చోటు తనకెందుకు రావట్లేదో తెలుసుకునే దారి కూడా మూసేశాను. అన్నీ తెలిసి రోజూ ట్యాంకు కింది నుంచి పోయాను, రోజూ జీతం తీసుకున్నాను, ఉమ్మడి వర్క్‌స్పేస్ గురించి కాలేజీ పిల్లలకు పాఠాలు కూడా చెప్పాను, ఒక్క చోట సరిచేస్తే అన్ని చోట్లా సరవుతుంది అని నా నోటితోనే చెప్పి, ఆ ఒక్క చోటికి నేను మాత్రం పోలేదు. పోవడానికి ఏం అడ్డం? ఏమీ లేదు. ఆలస్యమయ్యేకొద్దీ ముఖం చెల్లకపోవడం తప్ప.

నిన్న మైలార్‌దేవ్‌పల్లి నుంచి కొత్త పని మొదలైంది. గర్భిణులకు స్కానింగ్ చేసే చిన్న దవాఖాన, టోకెన్ ఆప్ కావాలన్నారు. ఫర్హీన్ కమాండ్ కొట్టింది. కొత్త ఆప్ లేచి నిలబడింది. ఇప్పుడు తను అన్నీ చదివి చూసే రకం. గుర్తు చోటు దగ్గర ఆగి, దాన్ని మ్యాప్‌లో వేసి చూసింది. పకపకా నవ్వింది. "అన్నా, ఇది మీ ఊరి ట్యాంక్! మ్యాప్ ఫోటోల నీ ఫ్లెక్సీ గూడ కనిపిస్తుంది. మైలార్‌దేవ్‌పల్లి ఆడోళ్లకు మీ ట్యాంక్‌తోని ఏం పని?"

తప్పించుకోవడం సులువే. పరీక్ష కోసం పెట్టాను, తీయడం మరిచిపోయాను అంటే సరిపోయేది. తను నమ్మేది కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తెర మీద కళ్లద్దాలు పెట్టుకుని నమస్కారం చేస్తూ నేనే ఉన్నాను, ఆ నమస్కారం చూడగానే సత్తెమ్మ పెట్టిన దండ గుర్తొచ్చింది.

"పొరపాటు కాదు ఫర్హీన్. కావాలనే పెట్టిన" అన్నాను.

ఆ ఒక్క మాట బయటికి వచ్చాక మిగతాది ఆపినా ఆగలేదు. మేడమ్‌ను పిలిచి ఇద్దరికీ చెప్పాను. బావ, అక్క, ట్యాంకు, ఎంటర్, సత్తెమ్మ, కడియాలు. ఫర్హీన్ నవ్వు ఆగిపోయింది. పైన విమానం ఒకటి దిగుతోంది, ఆ చప్పుడు పోయాక మేడమ్ కుర్చీ నా వైపు తిప్పింది. "ఉమ్మడి కోడ్ ఇకపై ఫర్హీన్ చూసుకుంటుంది. మీరు రాసే ప్రతి అక్షరం తను చదవాలి. సంఘాలన్నింటికీ మీరే ఫోన్ చేసి చెప్పండి" అంది. నా పెద్దరికం అలా పోయింది. నాకు ఊపిరి ఆడింది.

తర్వాత ట్యాంకును తీశాం. కొత్త నియమం రాశాం: ఇద్దరు ఒకేసారి నొక్కితే, పోయినసారి వెనకబడినవాళ్లది ఈసారి ముందు వంతు. అంతే. గుర్తూ లేదు, దూరమూ లేదు. ఫర్హీన్ ప్రతి వరుసా చదివింది. ఆ వర్క్‌స్పేస్ మళ్లీ పేర్లు చూపించింది. డ్రైవర్లు, పూల రైతులు, ట్రాక్టర్ కిరాయి, పాల కేంద్రం, కొత్తగా దవాఖాన. చివరిది తప్ప అన్నీ అప్పుడు చదివిన పేర్లే. ఈసారి పైకి చదివాను, గట్టిగా. వంతు తేల్చేది మా సర్వరే కాబట్టి ఎవరూ ఫోనులో ఏమీ మార్చుకోనక్కర్లేదు. ఎంటర్ నొక్కాను. మార్పు చేరినట్టు ఒక్కో ఆప్ పక్కన ఒక్కో పచ్చ గుర్తు పడుతుంటే నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. తప్పును అన్ని చోట్లకూ మోసిన పనే దిద్దుబాటునూ ఒక్క దెబ్బకు అన్ని చోట్లకూ చేర్చింది. ఎంత బాగా కట్టానో ఆ పని!

సంఘాలకు ఫోన్లు చేశాను. తిట్లు తిన్నాను. బావకు కూడా చెప్పాను. "జేసిన ఉపకారం నువ్వే బయటవెట్టుకుంటివి, నా ఇజ్జత్ తీస్తివి" అని ఫోన్ పెట్టేశాడు. అక్క ఇంతవరకు ఫోన్ ఎత్తలేదు. మా ఊళ్లో ఇవాళ్టికల్లా అందరికీ తెలుస్తుంది. ఫ్లెక్సీ వాళ్లే దింపుతారో, నన్నే ఎక్కి దింపమంటారో చూడాలి.

ఇవాళ తెల్లవారుజామున హైవే మీద పూల బండ్లు ఆగే చోటుకు పోయాను. సత్తెమ్మ అప్పటికే అక్కడ ఉంది. ఆమె బుట్టలు మొదటి బండిలోకి ఎక్కుతున్నాయి. పక్కనున్న ఆడవాళ్లకు ఫోన్ చూపిస్తోంది, బొటనవేలు పైకెత్తి చూపిస్తోంది. ఎంత నవ్వు ఆ ముఖంలో! తన వేలు గెలిచిందనుకుంటోంది. చెప్పకుండా వెనక్కి తిరిగితే ఆ నవ్వు అలాగే ఉండేది. ఒక్క క్షణం అదే మంచిదేమో అనిపించింది. అది కూడా నాకు అనుకూలమైన ఆలోచనే అని వెంటనే తెలిసింది.

చెప్పాను. బండి పక్కనే నిలబడి, దాచకుండా, మొదటి నుంచి చివరి వరకు చెప్పాను. కొత్త ఫోను కొనుక్కోమన్నది అబద్ధమని కూడా చెప్పాను. క్షమించమని నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు, అడిగి ఉంటే ఆమె ఇచ్చేది కూడా కాదు, అది ఆమె కళ్లలోనే కనిపించింది.

చివరికి తన కుడిచేతి బొటనవేలిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసింది. మట్టీ, ఆకుపసరూ పట్టిన వేలు. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "అంటే గిన్ని దినాలు నా ఏలు మంచిగనే ఉండె" అంది. నాతో కాదు, ఆ వేలితోనే అంది.

తర్వాత నన్ను చేత్తో పక్కకు జరిపి, చివరి బుట్ట ఎత్తి బండిలో పెట్టింది. మొదటి బండి కదిలింది.